బొమ్మ పోయినా గొంతు వినబడిన ఇల్లు

ఏం ఉద్యోగం చేశారని ఎవరైనా అడిగితే "టీవీలో" అనేవాణ్ణి. వెంటనే "వార్తలు చదివేవారా?" అని అడిగేవారు. నా మొహం చూసి కూడా ఆ మాట ఎలా అడగబుద్ధయ్యేదో నాకు ఇప్పటికీ తెలియదు. వార్తలు చదివేవాళ్ల బొమ్మను, గొంతును గాలిలోకి వదిలే టవర్ కింద ఒక గది ఉంటుంది. అందులో బీరువాలంత యంత్రాల పక్కన, వాటి హోరు వింటూ కూర్చునేవాణ్ణి. నిజామాబాద్ పట్నం అంచున ఉండేది మా ప్రసార కేంద్రం. నా నౌకరీ అంతా దాదాపు అక్కడే గడిచిపోయింది. ఇప్పుడు ఆ టవర్ లేదు, ఆ గదికి తాళం వేసి ఉంది.

నా పేరు లింబాద్రి. రాయడం నాకు అలవాటు లేదు, ఓపిక అంతకంటే లేదు. పోయిన నెల స్రవంతి అనే అమ్మాయి నాతో ఒక పూట తిరిగింది. కొత్తగా ప్రసార ఇంజనీరుగా చేరింది. "సార్, గివన్నీ రాసియ్యుండ్రి, మాతోని చేరినోళ్లందరం చదువుకుంటం" అని పట్టుబట్టింది. అందుకని రాస్తున్నాను. ప్రమోషన్లు, బదిలీలు, ఏ సారు ఏ సారు మీద అర్జీ పెట్టాడు అనేవి ఇందులో లేవు. నా చేతిరాతతో జరిగిన ఒక తప్పు ఉంది. అది చెప్పాలంటే ముందు ఒక పాత సంగతి చెప్పాలి.

చెరుకు కొడితే టీవీ వస్తది

చేరిన కొత్తలో నా మీద అధికారి మూర్తి గారు. కోస్తా వైపు మనిషి. పొద్దున వచ్చీ రాగానే యంత్రాల మీటర్లు చూసేవారు కాదు, ఉత్తరాలు చూసేవారు. ఆ రోజుల్లో జనం కార్డు ముక్క మీద రాసేవారు, టీవీ రావట్లేదని, గీతలు వస్తున్నాయని. నేను ఆ కార్డులకు ఒకటే జవాబు రాసేవాణ్ణి: మా వైపు నుంచి లోపమేమీ లేదు, మీ యాంటెన్నా సరిచూసుకోగలరు. సంతకం. ముద్ర.

ఒకసారి బోధన్ దాటి నిజాంసాగర్ కాలువ పక్కనున్న ఒక ఊరి నుంచి వరసగా కార్డులు వచ్చాయి. నేను అలవాటు ప్రకారం జవాబులు రాసి సంతకానికి పెట్టాను. మూర్తి గారు చదివి, పెన్ను మూసి జేబులో పెట్టుకున్నారు.

"వెళ్లి చూశావా?" అని అడిగారు.

"మన మీటర్లన్నీ కరెక్టుగా ఉన్నాయి సార్."

"మీటర్లు చూసి రాసే జవాబుకి నువ్వెందుకయ్యా, ముద్ర చాలు. వెళ్లి వాళ్లింట్లో కూర్చుని చూసి రా."

తిట్టుకుంటూ బస్సెక్కాను. ఊరి చుట్టూ చెరుకు. మనిషిన్నర ఎత్తు పెరిగి, ఆకు ఆకుకు తడి పట్టి ఉంది. అది పెంకుటిళ్ల ఊరు, యాంటెన్నాలన్నీ పొట్టి వెదురు బొంగుల మీద ఉన్నాయి. మా టవర్ నుంచి వచ్చేదంతా ఆ పచ్చి చెరుకులో పడి నీరుగారిపోతోంది. ఒక ఇంట్లో కూర్చుని చూశాను. తెర నిండా తెల్లటి మంచు కురుస్తోంది, దాని వెనక మనిషి నీడ. అయితే గొంతు మాత్రం వస్తోంది. గరగరమంటూ, సన్నగా, కానీ మాట మాటా తెలుస్తోంది.

ఆ ఇంటి పెద్దాయన చాలా మామూలుగా చెప్పాడు. "చెరుకు కొడితే టీవీ మంచిగొస్తది సారు. పోయినేడు గూడ గిట్లనే అయింది. అందాక ఇనుకుంట కూసుంటం."

"మరి కార్డులు ఎందుకు రాసిండ్రు?"

"మా బడి పంతులు రాయుమన్నడు. రాసినం."

అప్పటికి బోధన్ చక్కెర ఫ్యాక్టరీ ఇంకా నడుస్తోంది. చెరుకు కోతలయ్యాక మళ్లీ వెళ్లి చూస్తే నిజంగానే బొమ్మ అద్దంలా ఉంది. మూర్తి గారికి చెబితే నవ్వలేదు. "బొమ్మ పోయినా గొంతు మిగిలింది చూశావా, అదీ మన పద్ధతిలో ఉన్న మంచితనం. కొంచెం కొంచెంగా చెడుతుంది, ఒక్కసారిగా వదిలెయ్యదు. అది గుర్తు పెట్టుకో" అన్నారు.

గుర్తు పెట్టుకున్నాను. అవసరమైన రోజున మాత్రం బయటికి తీయలేదు. మీకు ఎవరైనా మంచి అధికారి దొరికితే ఆయన చెప్పింది రాసుకోవడంతో సరిపోదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

కాగితంలో లేని గడి

ఏళ్లు గడిచాయి. ఇళ్ల మీద గొడుగు బోర్లించినట్టు డిష్‌లు వచ్చాయి, కేబుల్ వచ్చింది, ఫోన్లు వచ్చాయి. బోధన్ ఫ్యాక్టరీ మూతపడింది, చెరుకు తగ్గి చాలా చోట్ల వరి వచ్చింది. పాత అనలాగ్ టవర్లను ఆపేసి డిజిటల్‌కు మారాలని పైన చర్చ మొదలైంది. మార్పు తప్పని నేను అనను. పాత యంత్రాలకు విడిభాగాలు దొరక్క మేం పడ్డ తిప్పలు మాకు తెలుసు. కరెంటు మింగేవి. అయితే ముందు పెద్ద పట్నాలకే డిజిటల్ వస్తుందని, మాలాంటి చోట్ల పాతది ఆపి ఊరుకుంటారని అందరికీ లోపల తెలుసు. పైకి ఎవరూ అనరు.

ఆపే ముందు ఒక సర్వే చేయమన్నారు. మా టవర్ మీద ఆధారపడిన ఇళ్లు ఇంకా ఏవైనా ఉన్నాయా అని. కాగితంలో గడులు ఉన్నాయి: ఇంటి నంబరు, యాంటెన్నా ఉందా లేదా, బొమ్మ నాణ్యత ఒకటి నుంచి ఐదు వరకు. బొమ్మ అసలే లేకపోతే "సెట్టు పనిచేయడం లేదు" అని రాసి ముందుకు పోవాలి. సూచనల్లో అలాగే ఉంది.

ఆ కాలువ పక్క ఊరికి కూడా వెళ్లాను. ఎర్రటి ఎండ. ఒక ఇంటి వాకిట్లో నలుగురు ఆడవాళ్లు చాటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చేస్తున్నారు. ఆకు కత్తిరించడం, తంబాకు పోయడం, చుట్టడం, దారం కట్టడం. చూపు చాట మీది నుంచి లేవదు. ఇల్లు నర్సవ్వది. ఆమె పక్కన గోడకు ఆనుకుని ఆమె యారాలు, అంటే తోడికోడలు, సాయవ్వ కూర్చుంది. సాయవ్వకు రెండు కళ్లూ లేవు. చిన్నప్పుడు అమ్మవారు పోసి పోయాయట. చేతి తడుముతోనే చుడుతుంది, నలుగురిలో ఆమె కట్టలే బిగువుగా ఉన్నాయి.

లోపలి అర్రలోంచి టీవీ గొంతు వినబడుతోంది. పసుపు ఉడకబెట్టేటప్పుడు ఎంత నీళ్లు పోయాలో ఎవరో రైతు చెబుతున్నాడు. లోపలికి వెళ్లి చూశాను. పాత సెట్టు, తెర నల్లగా ఉంది. పిక్చర్ ట్యూబు ఎప్పుడో పోయింది.

"ఇది చెడిపోయినట్టుంది గదమ్మా?" అన్నాను.

"బొమ్మ పోయి మస్తు రోజులైంది సారు" అంది నర్సవ్వ, తలెత్తకుండానే. "మాకు బొమ్మతోని పనేముంది? సూసుకుంట కూసుంటే వెయ్యి బీడీలు ఎవలు చేస్తరు?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నీళ్లు ఇచ్చారు, తాగాను. సాయవ్వ నన్ను ఏదో అడిగింది, నేనూ ఏదో జవాబు చెప్పాను. ఏమన్నానో నాకు గుర్తు లేదు. గడప దాటి వచ్చి, గోడ నీడన నిలబడి కాగితం నింపాను. యాంటెన్నా: ఉంది. బొమ్మ: లేదు. సెట్టు పనిచేయడం లేదు.

నేను అది రాస్తున్నప్పుడు కూడా ఆ రైతు మాట్లాడుతూనే ఉన్నాడు. నా చెవిలో పడుతూనే ఉంది. గొంతు కోసం కాగితంలో గడి లేదు, అందుకని నా బుర్రలోనూ లేకుండా పోయింది. ఎవరో నాతో బలవంతంగా రాయించలేదు. ఎండగా ఉంది, ఇంకా చాలా ఇళ్లు ఉన్నాయి, త్వరగా ముగించుకుని పోదామనుకున్నాను. అంతే.

పెద్ద సారు మెచ్చుకోలు

హైదరాబాద్‌లో మీటింగు పెట్టారు. పెద్ద బల్ల, ఏసీ, బిస్కెట్లు. ఒకాయన డిజిటల్ అంటే ఇంత స్పష్టమైన బొమ్మ అని తెర మీద పూలు చూపించాడు. ఇంకొకాయన లేచి, డిజిటల్‌లో సిగ్నల్ బలహీనమైతే మంచు కురవదు, గరగర రాదు, బొమ్మా గొంతూ ఒక్కసారే పోతాయి, అంచున ఉన్న ఊళ్ల సంగతేమిటి అని అడిగాడు. మంచి ప్రశ్న. నేను అడగాల్సిన ప్రశ్న.

మీటింగు నడుపుతున్న పెద్ద సారు నా వైపు చేయి చూపించాడు. "అంచుల గురించే గదా? లింబాద్రి రిపోర్టు చూడుండ్రి. ఎంత శుభ్రంగ ఉన్నది. వాళ్ల దిక్కు యాంటెన్నా సెట్లు దాదాపు ఖతమైనయ్. ఏమంటవ్ లింబాద్రి?"

ఆ క్షణాన నాకు నర్సవ్వ ఇల్లు గుర్తొచ్చిందా అంటే, వచ్చింది. మూర్తి గారు కూడా గుర్తొచ్చారు. కానీ శుభ్రంగా ఉందని అందరి ముందు అన్నాడు గదా. ఇన్నేళ్ల నౌకరీలో నన్ను అంతమందిలో మెచ్చుకున్నది అదొక్కసారే.

"జీ సార్" అన్నాను.

ప్రశ్న అడిగినాయన కూర్చున్నాడు. బిస్కెట్లు తిన్నాం. కొన్నాళ్లకు ఆర్డరు వచ్చింది. చెప్పిన రోజున, చెప్పిన గంటకు నేనే స్విచ్చి ఆపాను. హోరు ఆగిపోయింది. గదిలో అంత నిశ్శబ్దం అంతకుముందు ఎన్నడూ లేదు. బయట పట్నం తన పాటికి తను నడుస్తూనే ఉంది. ఫోను ఒక్కటి కూడా మోగలేదు. చూశావా, ఎవరికీ అక్కర్లేదు అనుకున్నాను. అలా అనుకోవడం హాయిగానే ఉంది.

రెండు రోజులకు ఖాజా భాయి స్కూటర్ మీద వచ్చాడు. బోధన్‌లో టీవీ మెకానిక్. వాళ్ల నాన్న రేడియోలు బాగుచేసేవాడు, ఇతను టీవీలు. మాకు పాత దోస్తు.

"సాబ్, టవర్‌కు ఏమైంది? కాలువ దిక్కు ఊర్లల్ల గొంతు బందైంది. నర్సవ్వోళ్లు నన్ను పరేషాన్ చేస్తుండ్రు, సెట్టు మల్ల చెడగొట్టినవని."

"ఆ సెట్టు నువ్వు బాగుచేసిందా?"

"ట్యూబు పోయింది, కొత్తది ఏడ దొరుకుతది? ట్యూబు లైను కట్ చేసి, గొంతు ఒక్కటి నడిచేటట్టు చేసిచ్చిన. కరెంటు గూడ తక్కువ గుంజుతది. బీడీలు చేసే ఇండ్లల్ల అందరికి గట్లనే చేసిచ్చిన."

"అందరికీ అంటే? ఎన్ని చేసినవ్ ఖాజా భాయ్?"

"లెక్క వెట్టలే సాబ్. మీరు సర్వే చేసిండ్రు గద, మీకే ఎర్కుండాలె."

ఎత్తిపొడవలేదు. నిజంగానే నాకు తెలిసుంటుందనుకుని అన్నాడు. నేను చాయ్ తెప్పించాను. టవర్ ఆపేశారని చెప్పాను. నేను ఏం రాశానో చెప్పలేదు. అతను చాయ్ తాగి, "సాయవ్వకు ఏమని చెప్పాలె సాబ్? కండ్లు లేని మనిషి, దినమంత అదే ఆసరా" అని స్కూటరెక్కి వెళ్లిపోయాడు. పైకి ఒక ఉత్తరం రాశాను, సవరణ అని. జవాబు రాలేదు. రెండోది రాయలేదు. తర్వాత రిటైరయ్యాను. ఆ ఊరి వైపు పోవాల్సిన పని పడినా వేరే దారిలో పోయాను. సిగ్గుపడాల్సిన సంగతే, సిగ్గుపడుతున్నాను.

మళ్లీ అదే వాకిట్లో

ఇప్పుడు మీ ముందున్నది కొత్త చర్చ. ఇంటర్నెట్ అవసరం లేకుండా టవర్ నుంచి నేరుగా ఫోనులోకి టీవీ పంపే డిజిటల్ పద్ధతి. కావాలనేవాళ్లు ఉన్నారు, దండగ అనేవాళ్లు ఉన్నారు. ప్రయోగంగా మా వైపు ఒక కొత్త టవర్ పెట్టి కొన్నాళ్లు ప్రసారం నడిపి చూస్తున్నారు. అంచు ఊళ్లు తెలిసిన పాతవాళ్లు ఎవరని వెతికితే నా పేరు దొరికిందట. స్రవంతి కారు తీసుకుని మా ఇంటికొచ్చింది. నాకు పోవాలని లేదు. మోకాళ్ల నొప్పులన్నాను, ఎండ అన్నాను.

"ఎండ పోయినంక పోదం సార్" అంది. పట్టు విడిచే పిల్ల కాదు.

ఆమె చేతిలోని పరీక్షా పత్రం అడిగి చూశాను. కాగితం కాదిప్పుడు, ట్యాబ్‌లో ఉంది. బొమ్మ నాణ్యత, ఒకటి నుంచి ఐదు. గొంతుకు గడి ఇందులోనూ లేదు. అప్పుడు లేచి చెప్పులు వేసుకున్నాను.

నర్సవ్వ ఇల్లు అలాగే ఉంది. చెరుకు ఒక పక్కనే ఉంది, కానీ నిలువెత్తున ఉంది. చాటలు నాలుగు నుంచి రెండుకు వచ్చాయి. నర్సవ్వ జుట్టు తెల్లబడింది. సాయవ్వ అదే గోడకు ఆనుకుని ఉంది, చేతులు కదులుతున్నాయి. నర్సవ్వకు నేను గుర్తున్నట్టు లేదు. నాకూ అదే మేలనిపించి, నోరు మెదపకుండా అరుగు మీద కూర్చున్నాను.

స్రవంతి ఫోను సాయవ్వ పక్కన పెట్టింది. గొంతు వచ్చింది. ఎంత స్పష్టంగా వచ్చిందంటే సాయవ్వ చుట్టడం ఆపి మొహం అటు తిప్పింది. ఒక ట్రాక్టర్ వెళ్లింది, గాలికి చెరుకు ఊగింది. ఫోనులో బొమ్మ గడ్డకట్టింది. గొంతు తెగిపోయింది. మళ్లీ వచ్చి, మళ్లీ తెగింది. తర్వాత ఇక రాలేదు.

"మునుపు గరగర అనుకుంటన్న వచ్చేది బిడ్డా" అంది సాయవ్వ. "గిది ఒక్కపారే సచ్చిపోతుంది. ఎప్పుడొస్తదో, ఎప్పుడు పోతదో. దీన్ని నమ్ముకుని ఎట్ల కూసుంటం?"

పూల బొమ్మల మీటింగులో ఒక ఇంజనీరు అడిగిన ప్రశ్న అదే.

స్రవంతి నన్ను చూసింది. "సార్, గొంతును బొమ్మ నుంచి ఇడగొట్టి గట్టిగ పంపొచ్చు. ఈ పద్ధతిల ఆ సౌలతు ఉంది. కాకపోతే బొమ్మకిచ్చే జాగ తగ్గుతది. పట్నంల బొమ్మ జర మసకైతది. మా సార్లు ఒప్పుకుంటలేరు."

"ఒక్క పది నిమిషాలు పంపించి చూడమ్మా" అని ఆమెకు మాత్రమే వినబడేట్టు అన్నాను.

ఆమె కేంద్రానికి ఫోన్ చేసి బతిమాలింది. కాసేపటికి ఫోనులో గొంతు వచ్చింది. బొమ్మ లేదు, చెరుకు ఊగుతోంది, గొంతు ఆగలేదు. ఎవరో వరి నారు గురించి మాట్లాడుతున్నారు. నర్సవ్వ చాట కొంచెం ఫోను దగ్గరికి జరుపుకుంది. ఇద్దరి చేతులూ ఒకే వేగంతో కదులుతున్నాయి. పది నిమిషాలయ్యాక గొంతు పోయింది.

"రేపు గూడ గీ యాల్లకు వస్తదా?" అని అడిగింది సాయవ్వ.

స్రవంతి ఫోను తీసి చూసుకుంటోంది. నేను ఆగలేక, "తెల్వదు అవ్వా. పైన ఒప్పుకోవాలె" అన్నాను.

సాయవ్వ చేయి ఆగింది. మొహం నా వైపు తిరిగింది.

"నువ్వు మునుపొచ్చిన సారువు గద? కాయిదం పట్టుకొని వచ్చినవ్. మాకు గొంతు వస్తుందని రాసుకుంటవా సారు అని నేనడిగిన. 'ఎందుకు రాసుకోనవ్వా, గింత మంచిగ వస్తుంటే' అన్నవ్." ఆమె గొంతులో కోపం లేదు. "మరి ఎందుకు బంద్ వెట్టిండ్రు సారు? రాసుడు మర్సిపోయినవా?"

ఆ ప్రశ్నకు ఎన్ని రకాల జవాబులు చెప్పొచ్చో నాకు తెలుసు. ఆర్డరు, గడి, సూచనలు, పై అధికారులు. మా నౌకరీలో ముందు నేర్చుకునేవి అవే.

"రాసిన అవ్వా" అన్నాను. "మీ సెట్టు పనిచేస్తలేదని రాసిన."

నర్సవ్వ తలెత్తి మొదటిసారి నన్ను సరిగ్గా చూసింది. సాయవ్వ చేత్తో తడిమి, సగంలో ఉన్న బీడీ చుట్టి, దారం కట్టి, చాటలో పెట్టింది. "గట్లనా" అంది.

స్రవంతి ట్యాబ్ నా ముందు పెట్టి, "బొమ్మ సున్నా వచ్చింది సార్. సున్నా వస్తే ఇది ముందుకు పోనిస్తలేదు. ఏం రాయాలె?" అని చిన్నగా అడిగింది. దాన్ని పక్కన పెట్టమన్నాను. ఆమె నోటుబుక్కు తీసుకుని, సాయవ్వ అన్న మాటలు సాయవ్వ అన్నట్టే రాశాను, గరగర నుంచి బంద్ వెట్టిండ్రు దాకా. చదివి వినిపించాను. ఒక చోట తప్పు దిద్దింది, దిద్దుకున్నాను. ఆమె వేలిముద్ర వేసింది, కింద నేను సంతకం చేశాను. ముద్ర లేదు, నా పేరు ఒక్కటే ఉంది.

ఆ కాగితం పైకి వెళ్లింది. జవాబు ఇంకా రాలేదు. నిన్న రెండోది రాశాను.